రేపటి రన్నింగ్ బ్యాక్‌ను ఆగస్టులోనే పట్టుకోవడం

2023 సెప్టెంబరు 10న లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు సియాటిల్‌లో సీజన్ తొలి మ్యాచ్ ఆడింది. మర్నాడు స్కోరు పట్టిక తెరిచినవాళ్లకు ఆ జట్టు రన్నింగ్ బ్యాక్‌ల వరుసలో రెండు పేర్లు కనిపించాయి. క్యామ్ ఏకర్స్ 22 సార్లు బంతి తీసుకుని పరుగెత్తితే 29 గజాలు, ఒక టచ్‌డౌన్ వచ్చాయి. కైరెన్ విలియమ్స్ 15 సార్లు పరుగెత్తి 52 గజాలు, రెండు టచ్‌డౌన్లు తెచ్చాడు. బంతి ఎవరికి ఎక్కువసార్లు ఇచ్చారన్నది ఒక్కటే చూస్తే రామ్స్‌కు ఏకర్సే ప్రధాన ఆటగాడు. కానీ పక్కనే ఇంకో పట్టిక ఉంది. ఎవరు ఎన్ని ప్లేలలో మైదానంలో ఉన్నారో చెప్పే స్నాప్‌ల లెక్క అది. దాని ప్రకారం రామ్స్ ఆడిన ప్లేలలో మూడింట రెండు వంతులకు దగ్గరగా మైదానంలో నిలిచింది విలియమ్స్.

మరుసటి వారం ఏకర్స్‌కు గాయమేమీ లేదు, అయినా కోచ్ అతణ్ని ఆడించలేదు. సెప్టెంబరు 20న మిన్నెసోటాకు పంపేశారు. విలియమ్స్ ఆ సీజన్‌లో ఆడింది 12 మ్యాచ్‌లే. అయినా 1,144 గజాలు పరుగెత్తాడు, క్యాచ్‌లతో కలిపి 15 టచ్‌డౌన్లు చేశాడు. ఆగస్టులో జరిగిన ఫ్యాంటసీ డ్రాఫ్టుల్లో అతణ్ని చివరి రౌండ్లలో తీసుకున్నవాళ్లు కొందరు, అసలు పట్టించుకోనివాళ్లు ఎందరో.

ఇలాంటి ఆటగాణ్ని నలుగురి కంటే ముందు గుర్తించడం ఎలా అన్నదే ఈ అధ్యాయం విషయం.

ఆటకు కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ పని కబడ్డీ రైడర్ పనిలాంటిది. ఎదురుగా నిలబడ్డ పదకొండుమందిని తప్పించుకుని ముందుకు చొచ్చుకుపోవాలి. అతనికి దారి చేసిపెట్టడానికి ముందు ఐదుగురు భారీ లైన్‌మెన్ ఉంటారు. ఫ్యాంటసీ లీగ్‌లో పదిమందో పన్నెండుమందో మేనేజర్లు నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని (దీన్నే డ్రాఫ్ట్ అంటారు), వాళ్లు మైదానంలో చేసినదానికి పాయింట్లు లెక్కేసుకుంటారు. సాధారణంగా పరుగుతోగానీ క్యాచ్‌తోగానీ చేసిన ప్రతి 10 గజాలకు ఒక పాయింటు, బంతిని చివరి గీత దాటించే టచ్‌డౌన్‌కు 6, చాలా లీగుల్లో పట్టిన ప్రతి క్యాచ్‌కు ఒకటి లేదా అర పాయింటు. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారు అయిన బిల్ వింకెన్‌బాక్ 1962లో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో మరికొందరితో కూర్చుని ఈ ఆటకు నియమాలు రాశాడు. మరుసటి ఏడాది తొలి డ్రాఫ్ట్ జరిగింది. డాలస్‌లో, న్యూజెర్సీలో పనిచేసే తెలుగువాళ్లకు ఈ ఆట సాధారణంగా ఆఫీసు లీగ్ రూపంలో పరిచయమవుతుంది. పక్క సీటు సహోద్యోగి ఖాళీగా ఉన్న పన్నెండో స్థానంలోకి రమ్మంటాడు, తిరిగి చూసుకునేసరికి ఆదివారాలు మారిపోతాయి.

హైదరాబాద్‌, విజయవాడల నుంచి ఆడాలనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ తెచ్చింది. స్నేహితులతో పైసా పందెం లేకుండా ఆడే లీగ్‌లోనూ ఈ ఆటలోని మజా అంతా దొరుకుతుంది. ఈ అధ్యాయం ఆ ఆట గురించే.

ఇక అసలు విషయం. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్న 32 జట్లలో ఏ జట్టు తీసుకున్నా ముగ్గురో నలుగురో రన్నింగ్ బ్యాక్‌లుంటారు. వాళ్లందరూ కాలేజీలో హోరెత్తించి వచ్చినవాళ్లే. వాళ్ల మధ్య ప్రతిభలో తేడా చూసేవాళ్లు అనుకునేంత ఉండదు. ఉన్న తేడా అంతా అవకాశంలోనే. బంతి తీసుకునే ప్రధాన స్థానం జట్టుకు ఒకటే, అది ఖాళీ అయిన రోజు వెనకున్నవాడు ముందుకొస్తాడు. కాబట్టి ఆగస్టులో మేనేజర్ వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘వీడు ఎంత గొప్పవాడు?’ అని కాదు. ‘ఈ జట్టులో చోటు ఖాళీ అయిందా, అవబోతోందా?’ అని.

ఉదాహరణలకు కొదవ లేదు. 2018లో పిట్స్‌బర్గ్ స్టార్ లెవియాన్ బెల్ జీతం పేచీతో సీజన్ మొత్తం మైదానంలోకి దిగలేదు. అతని వెనకున్న జేమ్స్ కానర్ కాలేజీ రోజుల్లో క్యాన్సర్‌ను జయించి వచ్చినవాడు. 13 మ్యాచ్‌ల్లో 973 గజాలు, 12 పరుగు టచ్‌డౌన్లు చేశాడు. 2020 ఆగస్టు 31న జాక్సన్‌విల్ జట్టు లెనార్డ్ ఫోర్నెట్‌ను వదిలేసుకుంది. కాలేజీ ఆటగాళ్లను అసలు జట్లు వంతులవారీగా తీసుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని జేమ్స్ రాబిన్సన్ ఆ చోటులో నిలబడి తొలి ఏడాదిలోనే 1,070 గజాలు పరుగెత్తాడు. 2024 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో తొలి మ్యాచ్‌కు క్రిస్టియన్ మెకాఫ్రీ దిగలేదు. ఆ సోమవారం రాత్రి జోర్డన్ మేసన్ 28 సార్లు బంతి తీసుకుని న్యూయార్క్ జెట్స్ మీద 147 గజాలు చేశాడు. ఆ ఏడాది చాలా లీగుల్లో తొలి ఎంపిక మెకాఫ్రీ. మేసన్ పేరు వినని మేనేజర్లు బోలెడుమంది.

ఖాళీ ఎప్పుడూ ఇలా ఒక్క దెబ్బతో రాదు. సిన్సినాటి కథ చూడండి. 2024 మార్చిలో ఆ జట్టు జో మిక్సన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేసి, జాక్ మాస్‌ను తెచ్చుకుంది. అందరి చూపూ మాస్ మీదికి పోయింది. పక్కనే చేజ్ బ్రౌన్ ఉన్నాడు. ముందటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఐదో రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అతని వాటా వారం వారం పెరుగుతూ వచ్చింది. మాస్ మెడ గాయంతో తప్పుకున్నాక మొదటి మ్యాచ్‌లోనే బ్రౌన్‌కు 27 సార్లు బంతి అందింది. సీజన్ ముగిసేసరికి 990 గజాలు, 54 క్యాచ్‌లు. మిక్సన్ వెళ్లిన మార్చిలోనే ఈ తలుపు సగం తెరుచుకుంది. మిగతా సగం తెరుచుకునేదాకా బెంచి మీద బ్రౌన్‌ను అట్టిపెట్టుకునే ఓపిక ఉన్న మేనేజర్‌కే ఫలితం దక్కింది.

ఖాళీ తర్వాత చూడాల్సింది గడిచిన డిసెంబరు. ఇది చాలామంది వదిలేసే చోటు, ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. డిసెంబరు నాటికి ఫ్యాంటసీ లీగ్‌లో సగంమంది ఓడిపోయి ఆట చూడటం మానేస్తారు. సరిగ్గా అప్పుడే జట్లు కొత్త కుర్రాళ్లను పరీక్షిస్తాయి. హ్యూస్టన్ ఆటగాడు ఏరియన్ ఫాస్టర్ 2010 తొలి మ్యాచ్‌లో ఇండియానాపొలిస్ మీద 231 గజాలు, మూడు టచ్‌డౌన్లు చేస్తే దేశమంతా నోరెళ్లబెట్టింది. అతను అంతకుముందు సీజన్ ఆఖరి మ్యాచ్‌లోనే న్యూ ఇంగ్లండ్ మీద 119 గజాలు, రెండు టచ్‌డౌన్లు చేసి ఉన్నాడు. పైగా 2010 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో అతనికి పోటీగా తెచ్చిన బెన్ టేట్ సన్నాహక మ్యాచ్‌లోనే గాయపడి ఆ ఏడాదికి దూరమయ్యాడు. ఆధారాలన్నీ ముందే బల్ల మీద ఉన్నాయి. ఫాస్టర్ ఆ సీజన్‌లో 1,616 గజాలతో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు.

డెరిక్ హెన్రీ కూడా డిసెంబరు బిడ్డే. టెనెసీలో రెండున్నర ఏళ్లపాటు ఇతరులతో వంతులు పంచుకున్నాడు. 2018 డిసెంబరు 6న జాక్సన్‌విల్ మీద 17 పరుగుల్లో 238 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. అందులో ఒకటి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు 99 గజాల పరుగు. మరుసటి ఏడాది 1,540 గజాలతో లీగ్‌లో అగ్రస్థానం అతనిదే. ఆరిజోనాలో డేవిడ్ జాన్సన్ కూడా అంతే. 2015 చివర్లో ముందున్నవాడికి గాయమైతే చోటు దొరికింది, 2016లో పరుగులూ క్యాచ్‌లూ కలిపి 2,118 గజాలు, 20 టచ్‌డౌన్లు వచ్చాయి. అందుకే డ్రాఫ్ట్‌కు సిద్ధమయ్యేవాళ్లు గడిచిన సీజన్ మొత్తం లెక్కలకంటే ఆఖరి ఐదారు వారాల లెక్కలను విడిగా తీసి చూడటం మంచిది. సగటు అనేది ఎదుగుతున్నవాణ్ని ఎప్పుడూ తక్కువ చేసి చూపిస్తుంది.

పై పేర్లలో ఇంకో సంగతి దాగుంది. ఫాస్టర్, జాన్సన్, కానర్, విలియమ్స్, బ్రౌన్, ఈ ఐదుగురూ విరగబూసింది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండో ఏట. 2018లో మెకాఫ్రీ, 2024లో అట్లాంటాకు చెందిన బిజన్ రాబిన్సన్, డెట్రాయిట్‌కు చెందిన జమీర్ గిబ్స్ రెండో ఏడాదే పై మెట్టెక్కారు. ఇది కాకతాళీయం కాదు. తొలి ఏడాది కుర్రాడికి పరుగెత్తడం వచ్చు, కాపలా కాయడం రాదు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి నిలబడ్డప్పుడు అతని మీదికి దూసుకొచ్చేవాణ్ని ముందే పసిగట్టి అడ్డుకోవడం రన్నింగ్ బ్యాక్ బాధ్యత. కోట్ల డాలర్ల క్వార్టర్‌బ్యాక్ పక్కటెముకలను ఏ కోచ్ కూడా ఈ పని రానివాడి చేతిలో పెట్టడు. సియాటిల్‌లో ఆరోజు విలియమ్స్ అంత ఎక్కువ ప్లేలలో మైదానంలో ఉండటానికి ఒక కారణం అతను ఆ కాపలాలో దిట్ట కావడమే. స్కోరు పట్టికలో ఈ పనికి గడి లేదు. శిక్షణ శిబిరం వార్తల్లో ‘పాస్ ప్రొటెక్షన్’ అన్న మాట పక్కన ఎవరి పేరు మెచ్చుకోలుగా వస్తోందో వెతుక్కోవాలి. ఆగస్టులో వచ్చే వార్తల్లో ఇంతకు మించిన విలువైనది లేదనే చెప్పాలి.

వేగం లెక్కలకు మాత్రం అంత విలువ ఇవ్వనక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా జరిపే శారీరక పరీక్షలో 40 గజాల పరుగుకు విలియమ్స్ తీసుకున్న సమయం 4.65 సెకన్లు. ఆ స్థానానికి అది నెమ్మదే, అందుకే ఐదో రౌండ్ దాకా జారాడు. టాంపాబే ఆటగాడు బకీ అర్వింగ్‌ది 4.55, పైగా చిన్న ఒడ్డూపొడుగూ. నాలుగో రౌండ్‌లో వచ్చిన ఆ కుర్రాడు తన ముందున్న రషాడ్ వైట్‌ను వెనక్కి నెట్టి 2024లో 1,122 గజాలు పరుగెత్తాడు. సగటున పరుగుకు 5.4 గజాలు.

కోచ్, లైన్ మారితే ఏమవుతుందో టాడ్ గర్లీ చూపించాడు. 2016లో రామ్స్‌కు అతను 278 సార్లు పరుగెత్తి 885 గజాలే తెచ్చాడు. పరుగుకు 3.2 గజాలు. కుర్రాడి పని అయిపోయిందని అనుకున్నవాళ్లున్నారు. 2017లో షాన్ మెక్‌వే కోచ్‌గా వచ్చాడు, ఎడమ పక్కన కాపలాకు ఆండ్రూ విట్‌వర్త్ వచ్చాడు. ఆ ఏడాది గర్లీ 279 సార్లు పరుగెత్తాడు. ముందటి ఏడాదికంటే ఒక్కటంటే ఒక్క పరుగు ఎక్కువ. గజాలు మాత్రం 1,305. 64 క్యాచ్‌లు కూడా కలిశాయి, మొత్తం 19 టచ్‌డౌన్లు, లీగ్‌లో ఉత్తమ దాడి ఆటగాడి పురస్కారం. మనిషి అతనే, కాళ్లు అవే. కొత్త కోచ్ వచ్చిన జట్లలో ముందటి ఏడాది నిరాశపరిచిన రన్నింగ్ బ్యాక్‌లు ఎవరున్నారో ఏటా ఒకసారి చూసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

క్యాచ్‌లకు పాయింటు ఇచ్చే లీగుల్లో లెక్క ఇంకాస్త మారుతుంది. 2024లో కైరెన్ విలియమ్స్ 1,299 గజాలు పరుగెత్తి, మొత్తం 16 టచ్‌డౌన్లు చేశాడు. మయామీ ఆటగాడు డెవాన్ ఏచాన్ పరుగెత్తింది 907 గజాలు, టచ్‌డౌన్లు 12. పరుగుల్లో దాదాపు 400 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు వెనకబడ్డాడు. కానీ విలియమ్స్ 34 క్యాచ్‌లు పడితే ఏచాన్ 78 పట్టి, వాటితో 592 గజాలు చేశాడు. క్యాచ్‌కు పూర్తి పాయింటు ఇచ్చే లీగ్‌లో లెక్కేస్తే ఏచాన్‌కే 20 పాయింట్లకు పైగా ఎక్కువ వస్తాయి. అందుకని బెంచి మీదివాళ్లలో ఇద్దరి మధ్య తేల్చుకోలేనప్పుడు, క్వార్టర్‌బ్యాక్ ఎవరివైపు ఎక్కువగా బంతి విసురుతున్నాడో అతణ్నే తీసుకోవాలి.

టచ్‌డౌన్ గీత దగ్గర ఎవరికి బంతి ఇస్తారన్నది కూడా అడగాలి. 2023లో ఫిలడెల్ఫియా తరఫున డాండ్రే స్విఫ్ట్ 1,049 గజాలు పరుగెత్తాడు, పరుగు టచ్‌డౌన్లు ఐదే. మిగతావి ఎక్కడికి పోయాయి? ఒక గజం మిగిలి ఉన్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ స్వయంగా దూరి ఆ ఏడాది 15 చేశాడు. 2024లో అదే జట్టులో 2,005 గజాలు పరుగెత్తిన సేక్వాన్ బార్క్లీకి కూడా పరుగు టచ్‌డౌన్లు 13 దగ్గరే ఆగాయి.

ఇన్ని గుర్తులు కలిసినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. అది ధర. 2020లో కాన్సస్ సిటీ తన తొలి రౌండ్ ఎంపికతో క్లైడ్ ఎడ్వర్డ్స్ హెలేర్‌ను తీసుకుంది. జూలైలో ఆ జట్టులో అతని ముందున్న రన్నింగ్ బ్యాక్ డేమియన్ విలియమ్స్ కోవిడ్ కారణంగా ఆ సీజన్ నుంచి తప్పుకున్నాడు. ఖాళీ ఏర్పడింది, జట్టు బలమైనది, క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్. ఫ్యాంటసీ డ్రాఫ్టుల్లో ఎడ్వర్డ్స్ హెలేర్ ధర అమాంతం తొలి రౌండ్‌కు ఎక్కింది. తొలి మ్యాచ్‌లో 138 గజాలు చేసి ఆశలు పెంచాడు కూడా. చివరికి ఆ ఏడాది 803 గజాలు, నాలుగు పరుగు టచ్‌డౌన్లు. కొత్తవాడికి అది చెడ్డ సీజన్ కాదు. తొలి రౌండ్ పెట్టి కొన్నవాడికి మాత్రం నష్టమే. అందరికీ తెలిసిపోయిన ఖాళీలో లాభం మిగలదు. తొమ్మిదో రౌండ్ తర్వాత దొరికే కుర్రాడు తప్పినా పోయేది ఒక బెంచి సీటు, నిలిస్తే సీజన్ చేతికొస్తుంది. తొలి రెండు రౌండ్లలో ఇప్పటికే నిరూపించుకున్నవాళ్లను తీసుకుని, ఊహలన్నీ చివరి రౌండ్లకు దాచుకోవడమే తెలివి.

ఆచరణలో ఇదంతా పెద్ద పనేం కాదు. జూలై నెలాఖరున శిబిరాలు మొదలవగానే మేనేజర్ 32 జట్ల పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కో జట్టు పక్కన గత ఏడాది ప్రధాన రన్నింగ్ బ్యాక్ ఇంకా ఉన్నాడా, వయసెంత, వెనకున్నది ఎవరు, రెండో ఏడాది కుర్రాడా అని నాలుగు వివరాలు నింపుకోవాలి. సన్నాహక మ్యాచ్‌లు వచ్చినప్పుడు ఎవరు ఎన్ని గజాలు చేశారన్నది పక్కనపెట్టి, అసలు క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి ఎవరు దిగారు, మూడో డౌన్‌లో (పది గజాల కోసం చేసే మూడో ప్రయత్నంలో) ఎవరిని ఉంచారు, ఎవరిని ఆడించకుండా జాగ్రత్తగా కూర్చోబెట్టారు అన్నవి చూడాలి. కూర్చోబెట్టినవాడి మీద జట్టుకు నమ్మకం ఉందన్నమాట.

సీజన్ మొదలయ్యాక సోమవారం ఉదయం పని ఒకటే: స్నాప్‌ల పట్టిక. వాటా 30 శాతం నుంచి 45కు, అక్కడి నుంచి 60కి ఎక్కుతున్నవాణ్ని, ఆ వారం పాయింట్లు రాకపోయినా, ఏ మేనేజర్ దగ్గరా లేని ఆటగాళ్లుండే వేవర్ జాబితా నుంచి ముందే తీసుకోవాలి. రెండు టచ్‌డౌన్లు చేశాక అతని కోసం లీగ్ మొత్తం పోటీపడుతుంది.

ఇండియా నుంచి ఆడేవాళ్లకు గడియారం కూడా కలిసొస్తుంది. ఆదివారం తొలి మ్యాచ్‌లు మన కాలమానంలో రాత్రి 10.30కి, నవంబరు తొలి ఆదివారం నుంచి 11.30కి మొదలవుతాయి. ఆరోజు ఎవరు ఆడటం లేదో జట్లు గంటన్నర ముందే ప్రకటిస్తాయి. అంటే రాత్రి తొమ్మిదికి, లేదా పదికి, భోజనం ముగించుకుని ఒకసారి ఫోన్ చూసుకుంటే చాలు. ఆ జాబితాలో పెద్ద పేరు కనిపించిన క్షణాన అతని వెనకున్న కుర్రాడు తన బెంచి మీద ఉన్నాడో లేదో మేనేజర్‌కు తెలిసిపోతుంది.

రాబోయే డ్రాఫ్ట్‌లో రెండో కిక్కర్‌కో, రెండో డిఫెన్స్‌కో బెంచి సీటు ఇవ్వకండి. ఆ రెండు సీట్లను గత డిసెంబరులో బాగా ఆడి, రెండో ఏట అడుగుపెడుతూ, ముందున్నవాడికి వయసు మీదపడిన జట్టులో వేచి చూస్తున్న ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లకు ఇవ్వండి. కనీసం అక్టోబరు దాకా వాళ్లను వదలకండి.